ఆదుకొనే చేయి, నిలబెట్టే చేయి: అంతర్జాతీయ సేవాసంస్థల పనిపై ఒక పౌరపాఠం

పాఠ్య లక్ష్యం: విపత్తు సమయంలో అందే సహాయానికీ, దీర్ఘకాలంలో సాగే అభివృద్ధి కృషికీ గల సంబంధాన్ని గుర్తించడం, అంతర్జాతీయ స్వచ్ఛంద సంస్థలు ఎలా పుట్టాయో, ఎలా పనిచేస్తాయో తెలుసుకోవడం, సహాయం పొందే పౌరునికి గల హక్కులను, బాధ్యతలను గ్రహించడం, ఈ విషయంలో మరాఠీ కార్యాలయాలలో వినిపించే ముఖ్యమైన మాటలకు అర్థం నేర్చుకోవడం.

1. ఒక చిన్న మాట, పెద్ద తేడా

తెలుగులో దానం, ధర్మం, సాయం, సహాయం, సేవ అనే మాటలు ఒకే వరుసలో నిలబడినట్లు కనిపిస్తాయి. కాని వాటి లోపల మనుషుల స్థానాలు వేరు. దానంలో ఇచ్చేవాడు పైన, పుచ్చుకొనేవాడు కింద ఉంటారు. సాయంలో ఇద్దరూ ఒకే నేల మీద ఉంటారు. బరువు ఎత్తేటప్పుడు పక్కవాడు ఒక చేయి వేసినట్లుగా. బతుకుతెరువుకై సొంత ఊరు విడిచి, కాగితపు మిల్లులోనో, బొగ్గు గనిలోనో, కట్టడపు పనిలోనో చెమటోడ్చి బామ్ని, బల్లార్పూర్, చంద్రపూర్ పరిసరాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ తేడా అనుభవంలో ఉన్నదే. కష్టం వచ్చినప్పుడు చేయి చాచడం చిన్నతనమని భావించి, రావలసినది కూడా అడగకుండా ఊరకుండే ఇళ్ళు మన మధ్య ఎన్నో ఉన్నాయి. అడగనిదే అమ్మైనా పెట్టదని సామెత. అయితే ఏది అడగాలి, ఎవరిని అడగాలి, ఎలా అడగాలి అన్నది తెలియకపోతే సామెత ఒక్కటే సరిపోదు. ఈ పాఠం ఆ తెలివిడి కోసం.

2. సేవాసంస్థలు పుట్టిన విధం

నేడు ప్రపంచమంతటా పనిచేస్తున్న సహాయ సంస్థలలో అధికభాగం యుద్ధాల బూడిదలోనుండి పుట్టాయి. 1859 జూన్ 24న ఇటలీలోని సోల్ఫెరీనో వద్ద జరిగిన యుద్ధానంతరం వేలాది సైనికులు వైద్యం లేక నేల మీద పడి ఉండగా, వ్యాపార పని మీద అటు వచ్చిన జెనీవా వాసి హెన్రీ డ్యూనాన్ చుట్టుపక్కల స్త్రీలను సమీకరించి, ఏ పక్షం వాడన్నది చూడకుండా గాయపడిన వారందరికీ సేవ చేయించాడు. ఆయన రాసిన అనుభవాల పుస్తకం కదిలించిన ఆలోచన 1863లో ఒక కమిటీగా రూపుదిద్దుకొంది. అదే రెడ్‌క్రాస్‌కు మూలం. 1864లో తొలి జెనీవా ఒప్పందం కుదిరింది. మన దేశంలో భారత రెడ్‌క్రాస్ సంస్థ 1920లో చట్టం ద్వారా ఏర్పడింది.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1942లో, గ్రీసు దేశంలో ఆకలితో అలమటిస్తున్న ప్రజలకు ఆహారం పంపాలని ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ పట్టణ వాసులు కొందరు ఒక సంఘం పెట్టుకొన్నారు. అది ఆక్స్‌ఫామ్ అయింది. 1945లో అమెరికాలో, యుద్ధంతో చితికిన ఐరోపా కుటుంబాలకు ఆహారపు పొట్లాలు పంపడానికి కేర్ అనే సంస్థ వెలసింది. వీటికన్న ముందే, 1920లో, మొదటి ప్రపంచ యుద్ధంలో నేలమట్టమైన గ్రామాలను తిరిగి కట్టాలన్న సంకల్పంతో పియర్ సెరెజోల్ అనే స్విట్జర్లాండు వాసి సర్వీస్ సివిల్ ఇంటర్నేషనల్ అనే స్వచ్ఛంద శ్రమ సంస్థను ప్రారంభించాడు. తుపాకి పట్టడానికి బదులు పార పట్టడమే ఆయన మార్గం. 1934లో బీహారు భూకంపం తరువాత ఆయన స్వయంగా అక్కడికి వచ్చి గ్రామ పునర్నిర్మాణంలో పాల్గొన్నాడు.

ఈ సంస్థలన్నీ కాలక్రమంలో ఒక సత్యాన్ని గ్రహించాయి. ఆహారపు పొట్లం ఈ పూట ఆకలిని తీరుస్తుంది. వచ్చే సంవత్సరపు ఆకలిని ఆపలేదు. కరవు వచ్చిన ప్రతిసారీ పొట్లాలు పంపడం కన్న, కరవుకు లొంగని సేద్యం, నీరు, చదువు, వైద్యం ఉండేలా చూడడం మేలు. ఆ గ్రహింపుతోనే సహాయ సంస్థలు అభివృద్ధి సంస్థలుగా కూడా మారాయి.

3. మూడు దశలు

సేవారంగంలో పనిని సాధారణంగా మూడు దశలుగా విభజిస్తారు. మొదటిది తక్షణ సహాయం: ప్రాణాలు కాపాడడం, తాగునీరు, అన్నం, వైద్యం, తలదాచుకొనే చోటు. రెండవది పునరావాసం: ఇల్లు, బడి, దారి, పని తిరిగి నిలబెట్టడం. మూడవది అభివృద్ధి: మరోసారి అదే దెబ్బ తగిలినా కూలిపోకుండా ఉండే శక్తిని ప్రజలలో, ఊళ్ళలో పెంచడం.

తెలుగునాట ఈ మూడు దశలను పెద్దవారు నేటికీ గుర్తు చేసుకొనేది దివిసీమ విషయంలో. 1977 నవంబరు 19న కృష్ణా జిల్లా తీరాన్ని తుపాను తాకింది. ఉప్పెనగా లేచిన సముద్రం దివిసీమ గ్రామాల మీదుగా లోపలికి చొచ్చుకువచ్చింది. అధికారిక లెక్కల ప్రకారమే సుమారు 10,000 మంది చనిపోయారు. దేశం నలుమూలలనుండి, విదేశాలనుండి సహాయం తరలివచ్చింది. మొదటి వారాలలో అవసరమైనవి అన్నం, బట్ట, మందులు, మృతదేహాలకు అంత్యక్రియలు. తరువాతి నెలలలో అవసరమైనవి ఇళ్ళు, పశువులు, వలలు, పడవలు, ఉప్పుబారిన పొలాన్ని మళ్ళీ సాగులోకి తేవడం. ఆపైన అవసరమైనవి తుపాను రక్షణ భవనాలు, ముందస్తు హెచ్చరికలు. ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వినట్లు కాకుండా, విపత్తు రాకముందే సిద్ధంగా ఉండాలన్న పాఠాన్ని కోస్తా ప్రాంతం ఎంతో ఖరీదు చెల్లించి నేర్చుకొంది.

మొదటి దశలో సహాయం పొందేవాడిని ఏ షరతూ అడగకూడదు. నీటిలో మునుగుతున్నవానిని, నీవు పనిచేస్తావా అని అడిగేవారుండరు. కాని మూడవ దశలో పొందేవాడి పాత్ర లేకపోతే ఆ పని నిలవదు. ఈ రెండు సూత్రాలనూ తారుమారు చేసినప్పుడే సహాయం చెడిపోతుంది.

4. మన జిల్లాలోనే ఒక ఉదాహరణ

చంద్రపూర్ జిల్లాలో వరోరా పట్టణం పేరు వినని వారుండరు. బాబా ఆమ్టే 1949లో మహారోగి సేవా సమితిని స్థాపించి, 1951లో వరోరా సమీపంలోని రాతినేలలో ఆనందవన్‌ను ప్రారంభించారు. ఆరుగురు కుష్ఠురోగులు, పద్నాలుగు రూపాయలు, ఒక కుంటి ఆవు: ఇదే మూలధనమని చెబుతారు. ఊరు వెలివేసిన మనుషులే ఆ రాళ్ళ నేలలో బావి తవ్వి, పొలం చేసి, ఇళ్ళు కట్టుకొన్నారు. దానం మనిషిని కుంగదీస్తుందని, పని అతన్ని నిలబెడుతుందని బాబా విశ్వాసం.

1950వ దశకంలో, ఇంతకు ముందు చెప్పుకొన్న సర్వీస్ సివిల్ ఇంటర్నేషనల్ స్వచ్ఛంద సేవకులు వివిధ దేశాలనుండి ఆనందవన్‌కు వచ్చి కట్టడపు పనులలో పాల్గొన్నారు. వారు తెచ్చిన ధనం కన్న వారి ప్రవర్తన ఎక్కువ మేలు చేసింది. అంతవరకు కుష్ఠురోగులు పండించిన కూరగాయలను ముట్టడానికి చుట్టుపక్కలవారు జంకేవారు. దూరదేశాలనుండి వచ్చిన యువతీయువకులు వారితో కలిసి పనిచేయడం, అక్కడి పంటనే తినడం చూసిన తరువాత ఆ భయం సడలడం మొదలైంది. బయటి సహాయం సమాజపు కళ్ళు తెరిపించగలదనడానికి ఇది చక్కని ఉదాహరణ.

1973లో ఆమ్టే కుటుంబం భామ్రాగఢ్ అడవులలోని హేమల్‌కసాలో మాడియా గోండుల మధ్య లోక్ బిరాదరీ ప్రకల్ప్‌ను ప్రారంభించింది. ఆ ప్రాంతం అప్పుడు చంద్రపూర్ జిల్లాలోనే ఉండేది. 1982లో గడ్చిరోలి ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది. డాక్టర్ ప్రకాశ్ ఆమ్టే, డాక్టర్ మందాకినీ ఆమ్టే కరెంటూ, దారీ లేని ఆ చోట చెట్టు కింద వైద్యం మొదలుపెట్టారు. అక్కడ చిన్న ఆసుపత్రి నిర్మాణానికి స్విట్జర్లాండుకు చెందిన స్విస్ ఎయిడ్ సంస్థ ఆర్థిక సహాయం చేసింది. ఆ ఇద్దరు వైద్యులకు 2008లో రామన్ మెగసెసె పురస్కారం లభించింది. ధనం విదేశానిది, చేతులు, భాష, ఓర్పు ఇక్కడివి. మంచి అంతర్జాతీయ సహాయపు స్వరూపం ఇలా ఉంటుంది.

5. మన్మాడ్ నుండి అనంతపురానికి

మహారాష్ట్రకూ, తెలుగు నేలకూ మధ్య వలసలు ఒకే దిశలో సాగలేదు. మనం అటునుండి ఇటు వచ్చాం. ఇక్కడినుండి అటు వెళ్ళి ఒక జిల్లా చరిత్రను మార్చిన మనిషి విన్సెంట్ ఫెర్రర్.

1920లో స్పెయిన్‌లోని బార్సిలోనాలో జన్మించిన ఫెర్రర్, 1952లో జెస్యూట్ మతసంఘ సభ్యునిగా ముంబై చేరారు. నాసిక్ జిల్లాలోని మన్మాడ్ ప్రాంతంలో మెట్ట రైతుల దుస్థితి చూసి, ప్రబోధం కన్న పని ముఖ్యమనుకొన్నారు. రైతు తన పొలంలో బావి తవ్వుకొంటే, ఆ తవ్వకం సాగినంతకాలం అతని కుటుంబానికి గోధుమలు, నూనె ఇవ్వడం ఆయన పద్ధతి. గింజలు అయిపోయేసరికి బావి మిగిలేది. రైతులలో ఆయనకు పెరిగిన పలుకుబడి స్థానికంగా పెద్దల అనుమానానికి కారణమైంది. 1968లో ఆయనను దేశం విడిచి వెళ్ళమని ఆజ్ఞ వచ్చింది. దానికి వ్యతిరేకంగా వేలాది రైతులు మన్మాడ్ నుండి ముంబై దిశగా పాదయాత్ర చేశారు. అప్పటి ప్రధానమంత్రి ఇందిరాగాంధీ జోక్యంతో ఆయన కొంతకాలం విదేశానికి వెళ్ళి తిరిగి రావడానికి వీలు కలిగింది.

1969లో ఆయన తిరిగి వచ్చినప్పుడు చేరిన చోటు అనంతపురం. సంవత్సరానికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే వాన కురిసే నేల. వేరుశనగ మీదనే బతుకు. ఒక వాన తప్పితే ఒక ఏడు వలస. అదే సంవత్సరం గ్రామీణాభివృద్ధి సంస్థ ప్రారంభమైంది. జనం నోట అది ఆర్డీటీ. తరువాత ఆయన మతసంఘం విడిచి, తనతో కలిసి పనిచేసిన ఇంగ్లండు పాత్రికేయురాలు ఆన్ పెర్రీని 1970లో వివాహమాడారు. 1996లో స్పెయిన్‌లో ఆయన పేరుతో ఏర్పడిన ఫౌండేషన్ ద్వారా అక్కడి సాధారణ కుటుంబాలు నెలనెలా చిన్న మొత్తాలు పంపి ఒక్కొక్క బిడ్డకు ఆసరాగా నిలిచే పద్ధతి విస్తరించింది. 1998లో ఆయనకు స్పెయిన్ దేశపు ప్రతిష్ఠాత్మకమైన ప్రిన్స్ ఆఫ్ ఆస్టూరియాస్ పురస్కారం లభించింది. 2009 జూన్ 19న ఆయన అనంతపురంలోనే కన్నుమూశారు.

ఆ సంస్థ పనిలో మన పాఠానికి కావలసిన అంశాలు నాలుగు. మొదటిది, పేదలలోనూ పేదలైన దళిత, గిరిజన కుటుంబాలతో పని మొదలుపెట్టడం. రెండవది, కట్టించిన ఇంటిని ఇల్లాలి పేరున నమోదు చేయించడం. కష్టం వచ్చినా కలహం వచ్చినా ఆమెను వీధిన పడేసే వీలు తగ్గుతుంది. మూడవది, వికలాంగులకు సంఘాలు, చదువు, వైద్యం కల్పించడం. నాలుగవది, బత్తలపల్లి, కళ్యాణదుర్గం, కణేకల్లు వంటి చోట్ల ఆసుపత్రులు నడిపి, వైద్యాన్ని పల్లెకు దగ్గరగా తీసుకురావడం. 2022లో జిల్లాల విభజన తరువాత బత్తలపల్లి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది.

ఒక విదేశీయుడు వచ్చి రాయలసీమను ఉద్ధరించాడని ఈ కథను చెప్పుకొంటే సగమే చెప్పినట్లు. బావి తవ్వినది రైతు. సంఘంగా కూర్చొన్నది పల్లె స్త్రీలు. బడిలో చదివి, తిరిగి అదే సంస్థలో పనిచేసినవారిలో ఆ ఊళ్ళ పిల్లలు ఎందరో ఉన్నారు. ఫెర్రర్ చేసినది వారి శ్రమకు తోడు నిలవడం.

6. సందేహించవలసిన చోట సందేహించాలి

సేవాసంస్థలంటే గుడ్డి నమ్మకం పనికిరాదు. గుడ్డి అనుమానమూ పనికిరాదు. విదేశీ ధనంపై చట్టపరమైన అదుపు మన దేశంలో 1976 నుండి ఉంది. ప్రస్తుతం అమలులో ఉన్నది 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం. దాని ప్రకారం నమోదు లేదా ముందస్తు అనుమతి లేని సంస్థ విదేశీ విరాళం తీసుకోరాదు. 2020 సవరణ తరువాత ఆ ధనం మొదట న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరచిన ఖాతాలోనే జమకావాలి; కార్యాలయ నిర్వహణ వ్యయం విదేశీ విరాళంలో 20 శాతం మించరాదు.

చట్టం కన్న లోతైన ప్రశ్న మరొకటి ఉంది. దాత దూరదేశంలో ఉన్నప్పుడు పనికి ప్రాధాన్యం నిర్ణయించేది ఎవరు? ఫోటోలో బాగా కనిపించే పని ముందుకు వచ్చి, మురుగుకాలువ వంటి కనిపించని పని వెనుకబడే ప్రమాదం ఉంది. ధనం ఆగిపోతే బడి ఆగిపోయే పరిస్థితి ఉంటే, ఆ బడి ఇంకా ఊరిది కాలేదని అర్థం. అందుచేత ఏ సంస్థ మన వీధికి వచ్చినా మనం మూడు ప్రశ్నలు అడగవచ్చు: ఈ పని మాకు అవసరమని ఎవరు తేల్చారు? ఖర్చు లెక్క మాకు చూపుతారా? మీరు వెళ్ళిపోయిన తరువాత దీన్ని ఎవరు నడుపుతారు? ఈ ప్రశ్నలకు విసుగు లేకుండా జవాబు చెప్పే సంస్థ మీద నమ్మకం ఉంచవచ్చు. సహాయం ఇప్పిస్తామని చెప్పి ముందుగా నమోదు రుసుము, బ్యాంకు ఓటీపీ, ఖాళీ కాగితం మీద వేలిముద్ర అడిగేవారిని మాత్రం దగ్గరకు రానీయరాదు.

7. ప్రమాణాలు, హక్కులు, బాధ్యతలు

ప్రపంచ సేవాసంస్థలు 1997లో స్ఫియర్ అనే పేరుతో ఉమ్మడి ప్రమాణాలు రూపొందించుకోవడం ప్రారంభించాయి. విపత్తు శిబిరంలో మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీరు, నీటి చోటు 500 మీటర్లకు మించని దూరంలో, 20 మందికి ఒక మరుగుదొడ్డి, మనిషికి 3.5 చదరపు మీటర్ల నీడ: ఇవి వాటిలో కొన్ని. ఈ అంకెలు తెలిసిన పౌరుడు శిబిరంలో తన కుటుంబానికి ఏమి లోపించిందో స్పష్టంగా చెప్పగలడు.

మన దేశంలో 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం ప్రతి జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ ఉండాలి. ఆ చట్టంలోని 61వ సెక్షన్ ప్రకారం సహాయం పంపిణీలో లింగం, కులం, సముదాయం, వంశం, మతం కారణంగా వివక్ష చూపరాదు. ఇది మనకు ముఖ్యం. మరాఠీ సరిగా మాట్లాడలేకపోవడం గాని, సొంత ఊరు తెలంగాణలోనో ఆంధ్రలోనో ఉండడం గాని, నీట మునిగిన మనిషికి అన్నం, నీరు నిరాకరించడానికి కారణం కాజాలవు. అదే చట్టం బాధ్యతనూ విధించింది. 52వ సెక్షన్ ప్రకారం తెలిసి తెలిసి తప్పుడు నష్టం చూపి సహాయం పొందితే రెండేళ్ళ వరకు జైలుశిక్ష, జరిమానా ఉన్నాయి. సహాయ సామగ్రిని స్వాహా చేసేవారికి 53వ సెక్షన్ కింద అదే శిక్ష.

2022 జూలైలో వర్ధా నది పొంగి బల్లార్పూర్, రాజురా మధ్య రాకపోకలు నిలిచిపోయిన రోజులను ఇక్కడివారు మరచిపోలేదు. అలాంటి వేళ అద్దె ఇంట్లో ఉన్న వలస కుటుంబం జాబితాలో చేరకపోవడానికి తరచు కారణం ఒక్కటే: ఆ ఇంట్లో వారున్నారని చెప్పే కాగితం లేకపోవడం. అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం నకళ్ళను నీరు తగలని సంచిలో పెట్టుకోవడం ఒక గంట పని. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పథకం కింద, ఆహార భద్రతా చట్టపు లబ్ధిదారులు సొంత రాష్ట్రపు కార్డుతోనే ఇక్కడి దుకాణంలో తమ కోటా ధాన్యం తీసుకోవచ్చు. జిల్లా విపత్తు నియంత్రణ గదికి 1077, అంబులెన్సుకు 108, అత్యవసర సహాయానికి 112 నంబర్లు ఇంట్లో అందరికీ కంఠతా రావాలి.

8. మరాఠీ మాటలు, తెలుగు అర్థాలు

పూర్: వరద. బల్లార్పూర్ అనే పేరులోని పూర్‌కు పట్టణమని అర్థం. ప్రకటనలో ఒంటరిగా వినిపించే పూర్ అంటే నీరు వస్తోందని హెచ్చరిక. పూర్‌గ్రస్త్ అంటే వరద బాధితుడు.

తలాఠీ: గ్రామస్థాయి రెవెన్యూ ఉద్యోగి.

పంచనామా: జరిగిన నష్టాన్ని సాక్షుల ఎదుట చూసి రాసుకొనే పత్రం. సహాయానికి ఇదే పునాది. మీ ఇంటి పంచనామా జరిగేటప్పుడు ఇంటివారు ఒకరైనా అక్కడ ఉండాలి. చదివించుకొని, అర్థమైన తరువాతనే సంతకం చేయాలి.

నుక్సాన్ భర్‌పాయీ: నష్టపరిహారం.

మదత్ వ పునర్వసన్: సహాయం, పునరావాసం. ఈ పేరుతో రాష్ట్ర ప్రభుత్వంలో ఒక శాఖ ఉంది.

సానుగ్రహ అనుదాన్: విపత్తులో ప్రభుత్వం ఇచ్చే ఆర్థిక సహాయం. పేరులో అనుగ్రహం అనే మాట ఉన్నా, ఇది ఒక ఉద్యోగి దయతో ఇచ్చేది కాదు; ప్రభుత్వం ముందే ప్రకటించిన ప్రమాణాల ప్రకారం లెక్కకట్టేది.

రహివాసీ దాఖలా: నివాస ధ్రువపత్రం. శిధాపత్రికా: రేషన్ కార్డు. అర్జ్: దరఖాస్తు. పోచ్: దరఖాస్తు అందినట్లు ఇచ్చే రసీదు. అర్జ్ ఇచ్చిన ప్రతిసారీ పోచ్ అడిగి తీసుకోవాలి. పోచ్ లేని అర్జ్ నీటి మీద రాత.

9. చర్చకు ప్రశ్నలు

ఈ పాఠాన్ని ఇంట్లోనో, సంఘ సమావేశంలోనో చదివి, కింది ప్రశ్నలపై మాట్లాడుకోవలసిందిగా కోరుతున్నాము.

ఒకటి: మన వీధిలో వరద వస్తే మొదట చిక్కుకొనే ఇల్లు ఏది? ఆ ఇంట్లో వృద్ధులు, నడవలేనివారు, గర్భిణులు ఎవరున్నారు? వారిని బయటకు తెచ్చే బాధ్యత ఎవరిది?

రెండు: బావి తవ్వే రైతుకు గోధుమలివ్వడం, ఏ పనీ అడగకుండా గోధుమలివ్వడం: ఈ రెండింటిలో ఏది ఎప్పుడు తగినది?

మూడు: హేమల్‌కసా ఆసుపత్రికీ, అనంతపురం సంస్థకూ బయటి ధనం వచ్చింది. ఆ ధనం రాకముందే అక్కడ ఏమేమి ఉండినవి?

నాలుగు: మన సముదాయం ఇంతవరకు ఎవరెవరి సహాయం పొందింది? ఇప్పుడు ఎవరికి ఏ సహాయం చేయగల స్థితిలో ఉంది?

చివరి ప్రశ్నను తేలికగా దాటవేయరాదు. ఆక్స్‌ఫర్డ్‌లో గ్రీసు కోసం చందాలు పోగుచేసినవారూ, స్పెయిన్‌లో అనంతపురం బిడ్డకు నెలనెలా సొమ్ము పంపేవారూ కోటీశ్వరులు కారు. అధికులు మనవంటి ఉద్యోగులు, కార్మికులు, గృహిణులు. బామ్నిలో కొత్తగా దిగిన ఒక కుటుంబానికి ఏ కార్యాలయంలో ఏ కాగితం ఇవ్వాలో చెప్పి, వెంట వెళ్ళి, పోచ్ తీసుకొనేవరకు నిలబడడం కూడా ఆ వరుసలోని పనే. దానికి విదేశీ ధనం అక్కరలేదు; ఒక పూట తీరిక, రెండు భాషలు చాలు.